మంచానపడ్డ మనిషిని తిప్పడం: ఎందుకు, ఎలా, ఎప్పుడు

నిద్రలో మనం కదలకుండా పడుకోం. గంటకోసారైనా ఒత్తిగిలుతాం, కాలు ముడుస్తాం, తుంటి కాస్త ఎత్తి మళ్ళీ ఆనిస్తాం. తెల్లారాక ఇవేవీ గుర్తుండవు. పరుపుకు ఆనిన చోట రక్తం ఆడక చర్మం చురుక్కుమంటే, ఆ కబురు నరాల గుండా వెళ్ళి, మెలకువ రాకుండానే ఒంటిని పక్కకు తిప్పుతుంది. పక్షవాతం వచ్చినా, వెన్నుపూస దెబ్బతిన్నా, తుంటి ఎముక విరిగినా, మతిమరుపు ముదిరినా ఈ ఏర్పాటు ఎక్కడో తెగిపోతుంది. కబురు అందదు, లేదా అందినా కదిలే సత్తువ ఉండదు. ఇంట్లో మంచం పక్కన ఉండే మనిషి చేయాల్సిందల్లా ఆ తెగిన చోట తన చేతులు పెట్టడం. పరుపులు, పౌడర్లు, మోటారు మంచాలు అన్నీ దీని తర్వాతే.

చర్మానికి, కండకు రక్తం అందించే అతిసన్నని నాళాలను కేశనాళికలు అంటారు. 1930లో యూజీన్ లాండిస్ గోరు మొదట్లోని కేశనాళికలోకి సన్నని గాజు గొట్టం పోనిచ్చి లోపలి పీడనం కొలిచాడు. ధమని వైపు కొసన అది సుమారు 32 మిల్లీమీటర్ల పాదరసం అని తేలింది. బయటి నుంచి అంతకు మించిన బరువు పడితే నాళం నొక్కుకుపోతుంది. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకుంటే మడమ కింద, నడుం అడుగున ఉండే త్రికాస్థి కింద పడే ఒత్తిడి దీన్ని సులువుగా దాటిపోతుంది. అయితే 32 అనేది గీత గీసినట్టు అందరికీ వర్తించే అంకె కాదు. బీపీ తక్కువున్నవాళ్ళకు, చిక్కి శల్యమైనవాళ్ళకు, షుగర్ ఉన్నవాళ్ళకు అంతకన్నా తక్కువ ఒత్తిడే చెరుపు చేస్తుంది. కాసేపు నొక్కి వదిలేస్తే ఒళ్ళు తట్టుకుంటుంది. గంటల తరబడి వదలకపోవడమే ప్రమాదం.

ఒత్తిడి చర్మం దగ్గర కన్నా ఎముక దగ్గర ఎక్కువ. పైగా ప్రాణవాయువు అందకపోతే చర్మం కన్నా కండ ముందు చస్తుంది. అందుకే పడక పుండు బోర్లించిన గరాటులా ఉంటుంది. పైన సన్నని నోరు, లోపల ఎముక దాకా వెడల్పైన గుంట. పైకి రూపాయి బిళ్ళంత నల్లమచ్చ చూసి ‘చిన్నదేలే’ అనుకున్న ఇంట్లో, వారం తర్వాత డాక్టరు పైపొర తీస్తే అరచేయి పట్టేంత గుంట బయటపడడం ఆసుపత్రుల్లో మామూలే.

రెండో శత్రువు జారుడు. తల కింద మూడు దిండ్లు ఎత్తి కూర్చోబెడితే మనిషి నెమ్మదిగా కిందికి జారతాడు. చర్మం దుప్పటికి అంటుకుని అక్కడే ఉంటుంది, లోపలి ఎముక మాత్రం కిందికి పోతుంది. మధ్యలో ఉన్న రక్తనాళాలు సాగి, మెలిపడి మూసుకుపోతాయి. కాబట్టి అన్నం పెట్టేటప్పుడు తప్ప, మంచం తలవైపు ఎత్తు 30 డిగ్రీలు దాటకూడదు. లేపాలంటే ముందు మోకాళ్ళ కింద దిండు పెట్టి, ఆ తర్వాత తలవైపు ఎత్తాలి. అప్పుడు జారుడు తగ్గుతుంది. కూర్చోబెట్టాక ఒక్కసారి భుజాలు పట్టి ముందుకు వంచి వీపును దుప్పటి నుంచి విడిపించి మళ్ళీ ఆనించండి, లాగుడుపడ్డ చర్మం సర్దుకుంటుంది. దించేటప్పుడు ముందు తల దించి తర్వాత మోకాళ్ళ దిండు తీయాలి. ఆ దిండును రోజంతా అక్కడే ఉంచితే మోకాళ్ళు వంగినట్టే బిగుసుకుపోతాయి.

చూడాల్సిన చోట్లు

వెల్లకిలా ఉన్నప్పుడు తల వెనక, భుజం రెక్కలు, మోచేతులు, త్రికాస్థి, మడమలు. ఒత్తిగిలి ఉన్నప్పుడు చెవి, భుజం, తుంటి పక్క ఎముక, మోకాలి పక్కలు, చీలమండ గుబ్బ. కుర్చీలో కూర్చుంటే పిరుదుల కింది ఎముకలు. ఆక్సిజన్ గొట్టం చెవి వెనక, క్యాథటర్ (మూత్రపు పైపు) తొడ కింద కూడా పుండు చేయగలవు. నలిగిన దుప్పటి మడత, వెనక బొత్తాలున్న నైటీ, మంచం మీద మర్చిపోయిన టాబ్లెట్ రేకు ఏదైనా చాలు. తిప్పిన ప్రతిసారీ కింద చెయ్యి పోనిచ్చి తడమండి.

ఎర్రబడిన చోట వేలితో 3 సెకన్లు నొక్కి వదలాలి. తెల్లబడి మళ్ళీ ఎర్రబడితే రక్తం ఆడుతోందన్నమాట, ఆ వైపు పడుకోబెట్టడం మాని చూడాలి. నొక్కినా తెల్లబడకపోతే అది పుండులో మొదటి దశ. చర్మం పగలనవసరం లేదు. ఈ పరీక్ష తెల్లచర్మానికి పనికొచ్చినంతగా మన చామనఛాయకు పనికిరాదు, నల్లని ఒంటి మీద ఎరుపే సరిగా కనబడదు. అందుకని ఫోన్ టార్చి పక్కవాటంగా పట్టి చుట్టుపక్కల చర్మంతో పోల్చండి. ఊదా లేదా బొగ్గు రంగు కనబడుతోందా, మెరుస్తోందా చూడండి. వేళ్ళ వెనకవైపుతో తాకితే చుట్టూ కన్నా వేడిగా గానీ చల్లగా గానీ, గట్టిగా గానీ మెత్తబడినట్టు గానీ ఉంటే అదే ఆనవాలు. మడమ మీద మెత్తని ఊదారంగు మచ్చ కనబడితే పైన చర్మం బాగున్నా లోపల దెబ్బతిన్నట్టే లెక్క.

మన ఇళ్ళలో మొదట చేసే పని ఆ ఎర్రటి చోట నూనె రాసి గట్టిగా రుద్దడం. ఎముక మీద ఎర్రబడిన చోట రుద్దకూడదు. నలిగిన నాళాలు ఇంకా చితుకుతాయి. గుండ్రటి ట్యూబులు, మధ్యలో రంధ్రమున్న రింగు దిండ్లు కూడా వద్దు. నడిమి భాగానికి ఒత్తిడి తప్పించినట్టే ఉంటుంది గానీ చుట్టూ కట్టు కట్టినట్టు నొక్కి ఆ నడిమి భాగానికే రక్తం రానివ్వవు. చేతి తొడుగుల్లో నీళ్ళు నింపి మడమ కింద పెట్టడం కూడా ఇలాంటిదే, పనికిరాదు.

తిప్పడం

రెండు గంటలకోసారి తిప్పాలన్న మాట ఎక్కడిదంటే, 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మాన్ వెన్నెముక దెబ్బతిన్న సైనికుల కోసం నడిపిన వార్డులో అది కఠిన నియమం. అంతకుముందు అలాంటివాళ్ళు పుండ్లతో, మూత్రనాళపు చీముతో కొద్ది నెలల్లోనే పోయేవాళ్ళు. 2013లో అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో జరిగిన పరిశీలనలో, మంచి హైడెన్సిటీ ఫోమ్ పరుపు ఉన్నప్పుడు 2, 3, 4 గంటలకోసారి తిప్పడంలో పుండ్ల తేడా కనబడలేదు. దీన్ని పట్టుకుని మన ఇంట్లో దూది పరుపు మీద నాలుగు గంటలు వదిలేస్తే కుదరదు. పగలు రెండు గంటలు, రాత్రి మంచి ఫోమ్ ఉంటే మూడు నాలుగు గంటలు అనుకోవచ్చు. అయితే ప్రతి తిప్పుడప్పుడూ చర్మం చూసి, అరగంటలో ఎరుపు పోకపోతే వ్యవధి తగ్గించుకోవాలి.

వెల్లకిలా ఉన్న మనిషిని ఎడమవైపు తిప్పే పద్ధతి ఇది. ముందు మంచం చదును చేసి, ఒంటి కింద అడ్డంగా పరిచిన దుప్పటి పట్టుకుని మనిషిని కాస్త కుడి అంచు వైపు జరపండి. లేకపోతే తిరిగాక మనిషి ఎడమ అంచున పడతాడు. మీరు ఎడమవైపు నిలబడండి. తల ఎడమకు తిప్పండి. ఎడమ చెయ్యి ఒంటి కిందికి పోకుండా కాస్త దూరంగా పెట్టండి, కుడి చెయ్యి గుండెల మీద పెట్టండి. కుడి మోకాలు వంచి పాదం పరుపు మీద ఆనించండి. ఒక చెయ్యి కుడి భుజం వెనక, రెండోది కుడి తుంటి వెనక వేసి మీవైపు ఒక్క ఊపుగా తీసుకోండి. మీ మోకాళ్ళు వంగాలి గానీ నడుం వంగకూడదు. పక్షవాతపు చెయ్యి పట్టుకుని లాగితే భుజం కీలు వదులై నొప్పి మిగిలిపోతుంది, ఆ చేతిని ఎప్పుడూ పట్టి లాగవద్దు. వెన్నుపూస విరిగిందని డాక్టరు చెప్పినవాళ్ళను ఒక్కరే తిప్పొద్దు. ముగ్గురు కలిసి తల, భుజం, తుంటి ఒకే గీతలో ఉండేట్టు దుంగలా దొర్లించాలి.

పూర్తిగా 90 డిగ్రీల పక్కకు తిప్పడం తప్పు. అప్పుడు బరువంతా తుంటి పక్క ఎముక మీద పడుతుంది. 30 డిగ్రీలు చాలు. భుజం నుంచి నడుం కింది వరకు వీపు వెనక ఒక దిండు చెక్కి, బరువు ఒకవైపు పిరుదు కండ మీద పడేట్టు ఆనించండి. సరిగా కుదిరిందా లేదా అంటే త్రికాస్థి కింద మీ అరచేయి పోనివ్వండి. పరుపుకు ఎముక తగలకుండా చెయ్యి సులువుగా దూరితే కుదిరినట్టే. మోకాళ్ళ మధ్య ఒక దిండు, పిక్కల కింద పొడవుగా ఒక దిండు పెట్టండి. మడమలు గాలిలో ఉండాలి. దిండు మడమ కింద కాకుండా పిక్క కింద ఉండాలి, మోకాలు 5, 10 డిగ్రీలు వంగి ఉంటే సిర నొక్కుకోదు. పాదం కిందికి వాలిపోకుండా చీలమండ నిలువుగా ఉండాలి, లేకపోతే మడమ వెనక ఉండే స్నాయువు కుంచించుకుపోయి తర్వాత నిలబడ్డా మడమ నేలకానదు.

ఎత్తి జరపడానికి పాత నేత చీర నాలుగు మడతలు వేసి భుజాల నుంచి తొడ మధ్య వరకు అడ్డంగా వేసుకుంటే అంతకు మించిన సాధనం లేదు. ఇద్దరు చెరోవైపు నిలబడి చీర అంచులు ఒంటి దాకా చుట్టి అరచేతులు పైకి ఉండేట్టు పట్టుకోవాలి. మూడు లెక్కపెట్టి ఎత్తి జరపాలి. ఈడ్వకూడదు, ఈడిస్తే ‘వీపు ఒరుసుకుపోయింది’ అనేది ఆరోజే జరుగుతుంది.

పరుపు, ఎయిర్‌బెడ్, ఎండ

నులకమంచం, నవారుమంచం మీద నడుం గుంటలో పడి బరువంతా పిరుదుల మీద చేరుతుంది. పైగా తిప్పడం కుదరదు. పట్టెల మీద బల్ల పరిచి దాని మీద పరుపు వేయాలి. కొబ్బరి పీచు పరుపు గట్టి, ఏకించని దూది పరుపు గడ్డలు కట్టి ఉంటుంది. 4 అంగుళాలు తగ్గని, 40 డెన్సిటీ ఫోమ్ పరుపు నమ్మకమైనది. మనిషిని పడుకోబెట్టి, తుంటి కింద పరుపు అడుగున అరచేయి పెట్టి చూస్తే ఎముక బరువు చేతికి తెలియకూడదు. తెలిస్తే ఫోమ్ అణిగిపోయింది.

విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేట సర్జికల్ షాపుల్లో దొరికే ఎయిర్‌బెడ్‌లు రెండు రకాలు: బుడగలవి, గొట్టాలవి. పంపు గాలిని ఒక వరుస తర్వాత ఒక వరుసకు మార్చుతూ ఉంటుంది, చాలావాటిలో ఒక మార్పు 10 నిమిషాలు. పంపు మీద బరువు తిప్పే చక్రం మనిషి బరువుకు సరిపడా పెట్టాలి. చాలామంది గట్టిగా ఉంటే మంచిదని చివరికంటా తిప్పేస్తారు, అప్పుడు అది బల్ల కన్నా మెరుగేమీ కాదు. నడుం కింద గాలి తగ్గిన వరుసలో చెయ్యి పోనిస్తే పరుపు అడుగుకు, ఎముకకు మధ్య కనీసం అంగుళం గాలి ఉండాలి. దీని పైన ఒక పలుచని కాటన్ దుప్పటి, అదీ వదులుగా వేయాలి. బొంత, రెక్సిన్, రెండు అండర్‌ప్యాడ్‌లు, ఆపైన బిగుతుగా కట్టిన దుప్పటి వేస్తే లోపలి గాలి మార్పు చర్మానికి చేరదు. ఎయిర్‌బెడ్ కొన్నామని తిప్పడం మానేయడం నేను చూసినంతలో అన్నింటికన్నా ఖరీదైన పొరపాటు.

కరెంటు పోతే బుడగల పరుపు కొద్దిసేపట్లోనే చదునైపోతుంది. ఆ పంపు చాలా కొద్ది వాట్లు మాత్రమే తాగుతుంది కాబట్టి ఇన్వర్టర్ మీద ఫ్యానుతో పాటు దానికీ ఒక ప్లగ్ కేటాయించండి. రోహిణి కార్తె ఎండల్లో బెజవాడ, గుంటూరు ఇళ్ళలో అసలు సమస్య ప్లాస్టిక్. ఎయిర్‌బెడ్ కింద నుంచి గాలి ఆడదు, చెమటతో చర్మం నానుతుంది, నానిన చర్మానికి ఒరుపు ఎక్కువ. రెక్సిన్ అవసరమైతే తుంటి కింద చిన్న ముక్క, దాని పైన కాటన్ బట్ట. ఫ్యాను నేరుగా కాకుండా పక్కవాటంగా పెట్టండి. ఉక్కపోత రోజుల్లో కూలర్ తేమ పెంచుతుంది, కాబట్టి దాన్ని వాడాలంటే కిటికీ తెరిచి ఉండాలి. వేసవిలో పెద్దవాళ్ళకు దాహం తెలియదు, మూత్రం చిక్కని పసుపు అవుతుంటే నీళ్ళు చాలడం లేదు. గంటకోసారి అరగ్లాసు చొప్పున ఇవ్వండి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకు డాక్టరు చెప్పిన కొలతే.

తడి, పైపు, విరోచనం

మూత్రంలోని అమ్మోనియా చర్మపు పుల్లని రక్షణ పొరను తినేస్తుంది, దాని మీద మలం పడితే రెండూ కలిసి చర్మాన్ని వేగంగా పాడుచేస్తాయి. శుభ్రంగా కడగాలంటే గోరువెచ్చని నీళ్ళు, మెత్తని బట్ట చాలు. రుద్దకండి, అద్దండి. తర్వాత జింక్ ఆక్సైడ్ క్రీం పలుచగా పూయండి. పౌడరు తడికి ఉండలు కట్టి ఇసుకలా ఒరుస్తుంది, వాడొద్దు. డైపర్ రాత్రికైనా 4, 5 గంటలకోసారి చూడాలి.

మూత్రపు పైపు తొడకు అంటించాలి, సంచి మూత్రాశయం కన్నా కింద, నేలకు తగలకుండా వేలాడాలి. మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి. మంచం మార్చేటప్పుడు పైపు నొక్కి పెట్టి మర్చిపోవడం తరచూ జరుగుతుంది. ఛాతీలో ఆరో వెన్నుపూస దగ్గర గానీ ఆ పైన గానీ వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళకు అది ప్రాణాంతకం కావచ్చు. పైపు మూసుకుపోయినా, మలం గట్టిపడినా బీపీ ఒక్కసారిగా ఎగబాకి, తల పగిలేట్టు నొప్పి, ముఖం ఎర్రబడి చెమటలు పడతాయి. అలాగైతే వెంటనే కూర్చోబెట్టి, పైపు మడతపడిందేమో చూసి, బిగుతు బట్టలు వదులు చేసి 108కి ఫోన్ చేయాలి.

విరోచనాలు అని నీళ్ళలా కారుతుంటే అది విరోచనం కాకపోవచ్చు. లోపల గట్టి మలం అడ్డుపడి దాని పక్కల నుంచి నీరు కారుతుంది. అప్పుడు కట్టడి మందు ఇస్తే ఇంకా బిగుస్తుంది. మూడు రోజులుగా సరిగా కాలేదు, ఇప్పుడు నీళ్ళలా కారుతోంది అంటే ముందు డాక్టరుతో పరీక్ష చేయించండి.

తిండి, గొంతు, ఊపిరితిత్తులు

పథ్యం పేరుతో జావ, చారన్నం మాత్రమే పెట్టడం మన అలవాటు. పుండు మానాలన్నా, రాకుండా ఉండాలన్నా మాంసకృత్తులు కావాలి. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. రెండు గుడ్లలో 12 గ్రాములు, అరలీటరు పాలూ పెరుగూ కలిపి 16, గుప్పెడు నిండుగా 75 గ్రాముల కందిపప్పులో 16, 200 గ్రాముల బియ్యం వండితే 14. అప్పటికి 58 వచ్చింది. మిగిలింది ఒక చేప ముక్కో, మరో గుడ్డో, శనగపిండో. నోటికి రుచి పోయినవాళ్ళు ఆవకాయ అడిగితే వద్దనకండి, ముద్దలో గుడ్డు కలిపి పెట్టండి. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క మారుతుంది, డాక్టరును అడగండి.

తినిపించేటప్పుడు వీపు 60 నుంచి 90 డిగ్రీలు నిలువుగా, గడ్డం కాస్త దించి ఉండాలి. తిన్న తర్వాత అరగంట అలాగే ఉంచండి. మింగేటప్పుడు దగ్గితే, తిన్నాక గొంతు తడితడిగా గరగరలాడితే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతున్నట్టు అనుమానించాలి. పలుచని నీళ్ళు అలాంటివాళ్ళకు ఎక్కువ ప్రమాదం, రాగిజావ చిక్కదనం సులువు. పక్షవాతపు వైపు బుగ్గలో అన్నం నిలిచిపోతుంది, వేలితో కాకుండా తడి బ్రష్‌తో తీసేయండి. రోజుకు రెండుసార్లు నోరు శుభ్రం చేస్తే న్యుమోనియా తగ్గుతుంది, కట్టుడు పళ్ళు రాత్రి తీసి ఉంచండి.

ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. నూనె రాసి పిసకడం ఆపండి. గడ్డ ఊడి ఊపిరితిత్తికి చేరితే అప్పటికప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. అదే రోజు స్కాన్ చేయించాలి.

పుండు పడితే

‘ఆరబెట్టాలి’ అనే మాట తప్పు. 1962లో జార్జ్ వింటర్ పందుల గాయాల మీద చూపించిందేమిటంటే, తేమ నిలిచిన గాయం మీద కొత్త చర్మం ఆరిన గాయం మీద కన్నా దాదాపు రెట్టింపు వేగంగా పరుచుకుంటుంది. పసుపు, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయకండి, కొత్తగా పుట్టే కణాలు కూడా చస్తాయి. సెలైన్‌తో కడిగి, డాక్టరు చెప్పిన డ్రెస్సింగ్ వేసి, ఆ వైపు ఒత్తిడి పూర్తిగా తప్పించండి. ఒత్తిడి తప్పించకుండా ఎంత ఖరీదైన డ్రెస్సింగ్ వేసినా మానదు. మడమ మీద ఎండి బిగిసిన నల్లని చెక్కు ఉంటే, చుట్టూ ఎరుపు, చీము లేనంతవరకు దాన్ని పెకలించవద్దు. దుర్వాసన, చలిజ్వరం, మాట తడబాటు, లోపల ఎముక కనిపించడం, వీటిలో ఏది ఉన్నా ఇంటి డ్రెస్సింగ్ ఆపి ఆసుపత్రికి వెళ్ళాలి.

మంచానికి కమ్మీలు పెడితే పడిపోరన్నది సగం నిజం. మతి సరిగా లేనివాళ్ళు వాటి మీదికెక్కి ఇంకా ఎత్తు నుంచి పడతారు. కమ్మీల మధ్య, కమ్మీకి పరుపుకు మధ్య 120 మిల్లీమీటర్ల మించిన సందు ఉంటే తల ఇరుక్కుంటుంది. ఫోమ్ అణిగితే ఆ సందు పెరుగుతుంది. రాత్రి పొర్లేవాళ్ళకు మంచం ఎత్తు తగ్గించి పక్కన నేల మీద పరుపు వేయడమే మేలు. పగలు తిప్పే పని చేసేటప్పుడు మాత్రం మంచం నడుం ఎత్తుకు ఉంటే తిప్పేవాళ్ళ నడుం నిలుస్తుంది.

డబ్బు పెట్టే వరుస నా లెక్కన ఇలా ఉండాలి. ముందు ఐదారు దిండ్లు. తర్వాత ఫోమ్ పరుపు. తర్వాత రాత్రి తిప్పడానికి ఒక ఆయా, లేదా ఇంట్లోనే వంతులు పడ్డ కాగితం గోడ మీద. అప్పటికీ ఎర్రబడుతుంటే ఎయిర్‌బెడ్. మోటారు మంచం అన్నిటికన్నా చివర. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి ఎన్టీఆర్ భరోసా కింద పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్ళకు నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ కావాలి. దరఖాస్తుకు వార్డు సచివాలయానికి వెళ్ళేటప్పుడు ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు, ఆధార్ తీసుకెళ్ళండి.